అమీర్‌పేట అడ్రస్, ఆఫ్రికా మాత్ర: విదేశీ డబ్బు ఆగితే మనకి ఆగేదేంటి?

ఈ ఎపిసోడ్‌లో ఒక్కటే ప్రశ్న. అంటురోగాల మీద పోరాటానికి విదేశాల నుంచి వచ్చే డబ్బు ఆగిపోతే, మన హైదరాబాద్‌లో నిజంగా ఆగేదేంటి?

అమీర్‌పేట అనగానే మనకి జావా, పైథాన్ కోచింగ్ బోర్డులు, హాస్టళ్లు గుర్తొస్తాయి. నేనూ బీటెక్ అయ్యాక ఆ బోర్డుల కింద తిరిగినవాణ్ణే. కానీ అరబిందో ఫార్మా రిజిస్టర్డ్ ఆఫీస్ అడ్రస్ చూడండి: మైత్రీవిహార్, అమీర్‌పేట. ఆఫ్రికాలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు రోజూ వేసుకునే మాత్రకీ ఈ అడ్రస్‌కీ లింకు ఉంది. ఆ లింకు పేరే డోనర్ ఫండింగ్.

కొంచెం వెనక్కి వెళ్దాం. 2000 ప్రాంతంలో హెచ్‌ఐవీ మందులకి ఒక మనిషికి ఏడాదికి పది వేల డాలర్ల పైనే అయ్యేది. 2001లో ముంబై కంపెనీ సిప్లా 350 డాలర్లకే ఇస్తానంది. సరే, రేటు తగ్గింది. మరి పేద దేశాల్లో కొనేదెవరు?

అక్కడే డోనర్లు వచ్చారు. 2002లో ఎయిడ్స్, టీబీ, మలేరియా కోసం గ్లోబల్ ఫండ్ మొదలైంది. చాలా దేశాలు డబ్బు వేసే హుండీ అనుకోండి. 2003లో అమెరికా హెచ్‌ఐవీ కోసం 'పెప్‌ఫార్' అనే సొంత స్కీమ్ పెట్టింది. పేటెంట్ వల్ల అమెరికాలో అమ్మలేని జెనెరిక్ మందైనా సరే, అక్కడి ఎఫ్‌డీఏ క్వాలిటీ చూసి ఓకే అంటే, ఆ డబ్బుతో వేరే దేశాలకి కొనొచ్చు. మన కంపెనీలకి గేటు తెరుచుకుంది అలాగే.

2017లో అరబిందో, మైలాన్ కంపెనీలు మూడు మందులు కలిపిన టీఎల్‌డీ మాత్రని ఏడాదికి సుమారు 75 డాలర్లకి ఇస్తామన్నాయి. కనీసం ఇంత సరుకు అమ్ముడవుతుందని గేట్స్ ఫౌండేషన్ గ్యారంటీ ఇచ్చింది. 2023కి గ్లోబల్ ఫండ్ అదే మాత్రని 45 డాలర్ల లోపే కొంటోంది. అంటే దీన్ని దానం అని మాత్రమే అనలేం. ఇది పెద్ద ఆర్డర్. ఆర్డర్ పెద్దదైతే రేటు తగ్గుతుంది, అంతే లాజిక్.

ఇప్పుడు మన పేషెంట్ల సంగతి. మన దేశంలో ప్రభుత్వం 2004 ఏప్రిల్ నుంచి హెచ్‌ఐవీ మందులు ఫ్రీగా ఇస్తోంది. 2021-26 జాతీయ ఎయిడ్స్ కార్యక్రమానికి పెట్టిన ₹15,471.94 కోట్లు కేంద్రం డబ్బే. అంటే మన ఏఆర్‌టీ సెంటర్లో మాత్ర అమెరికా మూడ్ మీద ఆధారపడి లేదు. ఇది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం.

మరి ఆగిందేంటి? అమీర్‌పేట నుంచి పంజాగుట్ట, ఖైరతాబాద్ దాటి నారాయణగూడ వెళ్లండి. 2021లో అక్కడ 'మిత్ర్' క్లినిక్ పెట్టారు. ట్రాన్స్‌జెండర్ల కోసం, చాలావరకు వాళ్లే నడిపిన క్లినిక్. హెచ్‌ఐవీ టెస్ట్, కౌన్సెలింగ్, హార్మోన్ల సలహా, అన్నీ ఒకే చోట. డబ్బు అమెరికాది, యూఎస్‌ఎయిడ్ ద్వారా వచ్చేది. 2025 జనవరి 20న ట్రంప్ విదేశీ సాయం ఆపుతూ సంతకం పెట్టారు. ఆ నెలలోనే క్లినిక్ మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో 'సబ్‌రంగ్' పేరుతో మళ్లీ తెరుచుకుంది. కానీ మధ్యలో పోయిన నెలలు?

మన భాషలో చెప్పాలంటే సర్వర్ బాగానే ఉంది, లాగిన్ పేజీ పడిపోయింది. పెద్దాసుపత్రి ఓపీ లైన్లో నిలబడితే వెనకాల నవ్వులు వినిపిస్తాయేమో అనుకునే మనిషి టెస్టుకే రాదు. టెస్టుకి రాకపోతే ఫ్రీ మాత్ర ఉండి ఏం లాభం? మందు రోజూ వేసుకుని, వైరస్ టెస్టులో కూడా దొరకనంత తగ్గితే, సెక్స్ ద్వారా అది ఇంకొకరికి అంటదు. మధ్యలో మానేస్తే వైరస్ మళ్లీ పెరుగుతుంది, మందుకి లొంగకుండా కూడా మారొచ్చు. కాబట్టి ఒక క్లినిక్ తలుపు మూతపడితే, దాని ఎఫెక్ట్ ఆ లోపలున్నవాళ్లతో ఆగదు.

నా పాయింట్ ఇదే. మాత్రకి మన బడ్జెట్ ఉంది. ఆ మాత్ర దాకా మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చే కౌన్సెలర్ జీతం మాత్రం ఎవరి దయ మీదో ఉంటోంది. ఆ జీతం కూడా మన బడ్జెట్లోకి రావాలి. ప్రపంచానికి మాత్రలు అమ్మే సిటీకి ఇది పెద్ద ఖర్చేం కాదు.

మీకుగానీ, మీ ఫ్రెండ్‌కిగానీ డౌట్ ఉంటే 1097కి కాల్ చేయండి. అది నేషనల్ ఎయిడ్స్ హెల్ప్‌లైన్, కాల్ ఫ్రీ. ఈ నంబర్ సేవ్ చేసుకోండి, మీ హాస్టల్ గ్రూపులో కూడా పెట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.