దుమ్ము రేపే బండ్లకు సర్కారు నిధి
(ఉపన్యాస పాఠం)

ఈ సంగతి మనకెందుకు అని మీలో కొందరు గొణుగుతున్నారు. కాస్త వినండి. అమెరికాలో రోడ్డు వదిలి ఇసుక దిబ్బల్లో, అడవి బాటల్లో సరదాకి మోటారు బండ్లు తోలే జనం ఉన్నారు. ఆ సరదాకి సర్కారు గ్రాంటు ఇస్తుంది. నవ్వొస్తుంది గదా! లెక్క చూస్తే నవ్వే సంగతి కాదు.

వాళ్ల వాదన ఒక్కటే. పెట్రోలు పన్ను రోడ్ల కోసం వసూలు చేస్తున్నారు, మేం కాల్చింది రోడ్డు మీద కాదు, మా వాటా మా బాటలకు పెట్టండి అని. కాలిఫోర్నియాలో 1971లోనే చట్టం తెచ్చుకున్నారు. పెట్రోలు పన్నులో వాటా, బండ్ల రిజిస్ట్రేషన్ ఫీజు, పార్కు రుసుము కలిపి ఒక నిధి. కౌంటీలు, అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు అందులోంచి గ్రాంటు అడుగుతాయి: బాటల మరమ్మతుకు, పోలీసు కాపలాకు, భద్రత నేర్పడానికి, చక్రాల కింద చెడిన నేలను బాగుచెయ్యడానికి. 2017లో ఆ పథకాన్ని శాశ్వతం చేసుకున్నారు. 1991లో కేంద్రం కూడా బాటల నిధి పెట్టింది. అందులో మామూలుగా 30 శాతం మోటారు బాటలకు, 30 శాతం నడకకూ సైకిళ్లకూ గుర్రాలకూ, 40 శాతం అందరూ వాడుకునే బాటలకు.

సంఘం కట్టి అడిగినోళ్లకు చట్టం వచ్చింది. అది మనం గుర్తించాలి. కానీ పెట్రోలు పోసుకున్నోడికి నిధి ఉంటే, దుమ్ము పీల్చినోడి సంగతేమిటి? ఓషియానో దిబ్బల మీద బండ్లు తిరుగుతుంటే గాలివాలులో ఉన్న నిపోమో ఇళ్ల మీద దుమ్ము పడుతుంది. 2021లో తీర కమిషన్ బండ్లు ఆపెయ్యాలంది. 2023లో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. బ్లైత్ దగ్గర ఎడారి నేల మీద ఆదివాసుల పూర్వీకులు గీసిన మహా బొమ్మల మీదా చక్రాలు తిరిగాయి. చివరికి కంచె వెయ్యాల్సొచ్చింది. ఊపిరితిత్తులతో కట్టే పన్నుకు రసీదు లేదు గదా!

ఇక మన వైపు. 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం మనమూ కొట్లాడే తెచ్చుకున్నాం. ఏడాదిలో ఖర్చు కాని సొమ్ము మురిగిపోయేది. తెలంగాణలో 2017 చట్టంతో మిగులును మరుసటి ఏడాదికి కలపాలన్నారు. కాలిఫోర్నియాలో ఎవరు ఎంత అడిగారో ఆ దరఖాస్తులు ముందే జనం ముందు పెట్టి అభిప్రాయం తీసుకుంటారు. మన వాడకు శాంక్షనైన పని ఏదో మన వార్డు మెంబరుకే తెలీదు. మేం బడిపంతుళ్లం, కాగితం రాయడం మా చేతిపని. ప్రతి మండలంలో పనుల జాబితా కోసం సమాచార హక్కు దరఖాస్తు రాసిపెడతాం. సంతకాలకు మీరు రండి.