చిరు వ్యాపారము - దారిద్ర్య నివారణము



దరిద్రునకు సోమరితనము వలననే దారిద్ర్యము కలిగినదని పలుకువారు పల్లెలలో నేటికిని కలరు. బంగ్లాదేశమున చిట్టగాంగ్ విశ్వవిద్యాలయము చెంతనున్న జోబ్రా గ్రామపు కథ అట్టివారు వినదగినది. 1974వ సంవత్సరమున ఆ దేశమును కఱవు పీడించెను. పిదప 1976లో, అర్థశాస్త్రము బోధించు ఆచార్య మహమ్మద్ యూనుస్ ఆ గ్రామమున తిరిగి విచారింపగా, వెదురు పీటలు అల్లెడి ఒక స్త్రీ కనబడెను. వెదురునకు ఐదు టాకాలు కావలెను. ఆమె చెంత అవి లేవు. వర్తకుడు అప్పిచ్చి, అల్లిన పీటలను తాను చెప్పిన వెలకే తీసికొనెడివాడు. దినమంతయు పాటుపడిన ఆమెకు మిగులునది అర్ధ టాకా. ఈ లెక్కలో సోమరితనమెక్కడ? చేతులు ఆమెవి, నేర్పు ఆమెది. పీట మాత్రము అల్లక మునుపే పరులది.

అట్టివారు ఆ గ్రామమున 42 మంది తేలిరి. అందఱకును కలిపి కావలసిన మూలధనము 856 టాకాలు. అనగా తలకు ఇరువది టాకాల పైచిల్లర! యూనుస్ ఆ పైకమును తన సొంత ధనమునుండి ఇచ్చెను. ఆ యత్నమే పెరిగి 1983లో గ్రామీణ బ్యాంకయ్యెను. 2006లో బ్యాంకునకును యూనుస్‌కును కలిపి నోబెల్ శాంతి బహుమానము లభించెను.

ఇంతటితో కథ ముగిసినచో బాగుండెడిది. కాని అప్పు వేఱు, వ్యాపారము వేఱు. 2005 తరువాత హైదరాబాదులో అర్థశాస్త్రజ్ఞులు 104 బస్తీలను రెండు పాళ్లుగా తీసికొని, ఒక పాలికి చిన్న అప్పులు ముందుగా అందునట్లు చేసి పరిశీలించిరి. అంతకు మునుపే అంగడి ఉన్నవారిలో కొందఱు దానిని పెంచుకొనిరి. సగటున చూడగా కుటుంబముల వాడుక ఖర్చు పెరుగలేదు. ఆంధ్రప్రదేశమున ఒకే ఇల్లాలికి ముగ్గురు నలుగురు అప్పులిచ్చి, వారము వారము గడపలో వచ్చి నిలుచుట మితిమీఱెను. బలవన్మరణముల వార్తలు వినవచ్చెను. తుదకు 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్లను కట్టడి చేయవలసి వచ్చెను.

దోషమెచ్చట? టీ అంగడివానికి ప్రతిదినము చిల్లర చేతికి వచ్చును. వారపు కిస్తీ వానికి అంత భారము కాదు. గేదెను కొన్నవాని సంగతి అట్లు కాదు. అది వట్టిపోయిన నెలలలో గడ్డికిని తవుడునకును ఎదురు పెట్టవలెను. కిస్తీవాడు మాత్రము ఆగడు. నేతగానికి ధనము వచ్చునది చీర మగ్గము దిగిన నాడు కాదు, అమ్ముడైన నాడు గదా! పంట ఇంటికి వచ్చిన పిదపనే బాకీ అడుగు మర్యాద ఎఱిగిన పల్లెలలో ఈ పాటి సంగతి మఱచుట వింత.

మఱియు, ఒకే వీధిలో నాలుగు కిరాణా కొట్లున్నచోట ఐదవది పెట్టినచో ఉన్న బేరమే ఐదు పాళ్లగును. ఊరిలోనికి క్రొత్త డబ్బు రావలెనన్న సరకు ఊరు దాటి పోవలెను. గల్లాపెట్టెలో చేయిపెట్టి ఇంటికి ఉప్పు పప్పులు తెచ్చుకొని, ఆ ఖర్చు వ్రాయకుండువాడు తాను తినుచున్నది లాభమో మూలధనమో ఎఱుగడు. చిన్న కొట్లు పెక్కు మూతపడుట ఇందువలననే.

బొంబాయి స్త్రీల సంగతి చూడుడు. 1959 మార్చి 15వ తేదీన గిర్గాం ప్రాంతమున ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పుతెచ్చి ఒక మేడపై అప్పడములొత్తిరి. మొదటి దినమున నాలుగు పొట్లములే అయినవి. దానము పుచ్చుకొనరాదని వారు నియమము పెట్టుకొనిరి. అదే నేటి లిజ్జత్ సంస్థ. 40,000కు పైబడిన స్త్రీలకు అది జీవనాధారము. కలిపిన పిండిని ఉదయమున తూచి ఇత్తురు. స్త్రీలు దానిని ఇంటికి కొనిపోయి ఒత్తి, ఆరబెట్టి, మఱునాడు అప్పగించి కూలి పుచ్చుకొని, మరల పిండి తీసికొని పోవుదురు. మినుముల కొనుగోలు, అప్పడముల అమ్మకము, బాకీల వసూలు సంస్థ చూచుకొనును. ఒత్తెడి ప్రతి స్త్రీయు అందు భాగస్వామియే గనుక, లాభము వచ్చినను నష్టము వచ్చినను అందఱును పంచుకొందురు.