మాట తేటగా వినబడాలి

(తాయిల్పట్టిలో, సొంతంగా స్పీకరు పెట్టెలు కట్టుకొంటున్న యువకుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



న్యాయవాదికి మైకుసెట్టుతో ఏమి పని అని మీలో కొందరికి తోచవచ్చు. పని ఉంది. కోవిల్పట్టి, విరుదునగరం సీమల నల్లరేగడిలో తరతరాలుగా బతుకుతున్న మన తెలుగు చాలావరకు కాగితం మీద లేదు. నోటిలోనూ, చెవిలోనూ ఉంది. కోవిల్పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి మాట తెలుగే. అయినా మన పెద్దల వలసగాథను ఆయన తమిళంలోనే రాశారు. ‘గోపల్లపురత్తు మక్కళ్’ నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మన పిల్లలలో చాలామందికి తెలుగు లిపి రాదు. చదివి నేర్వలేని నుడిని విని నేర్వవలసిందే. కావున ఊరి పొంగలినాడు ముసలమ్మ మైకు ముందు కథ చెబితే, కడపటి వరుసలోని పిల్లవానికి ప్రతి మాటా తెలియాలి.

గట్టిగా వినబడటం వేరు, తేటగా వినబడటం వేరు. అచ్చుల బలం ఎక్కువగా 3,000 హెర్ట్జుల లోపల ఉంటుంది. స, శ వంటి హల్లుల బలం అంతకు పైన, 8,000 దాకా సాగుతుంది. ఊఫరు ఒక్కటే మోగితే సాకుకూ చాకుకూ తేడా తెలియదు. హారను ఒక్కటే అరిస్తే గొంతులోని నిండుతనం పోతుంది. రెండూ కావాలి, ఏ పని దేనిదో పంచిపెట్టాలి. ఆ పంపకం చేసేదే క్రాసోవరు.

మామూలు పెట్టెలలో ఈ పంపకం ఆంప్లిఫయరు తరువాత, కాయిళ్ళతో, కెపాసిటర్లతో జరుగుతుంది. యాక్టివ్ క్రాసోవరులో అది ఆంప్లిఫయరుకు ముందే జరుగుతుంది. అప్పుడు ఊఫరుకు ఒక ఆంప్లిఫయరు, హారనుకు మరొకటి. దేని మోత దానికి విడిగా సరిచేయవచ్చు. లింక్‌విట్జ్, రైలీ అనే ఇద్దరు ఇంజనీర్ల పేరుతో 1976 నుండి ప్రసిద్ధమైన 24 డెసిబెళ్ళ పద్ధతి నేటి క్రాసోవరులలో చాలావాటిలో ఉంది. దానినే ఎంచుకోండి.

ఇక అమర్చే వరుస. మిక్సరు నుండి క్రాసోవరు, అక్కడి నుండి రెండు ఆంప్లిఫయర్లు, వాటి నుండి పెట్టెలు. రెండు ఆంప్లిఫయర్ల నాబులనూ మొదట సున్నాకు తిప్పి ఉంచండి. కింది ధ్వనుల తీగ పొరపాటున హారనుకు పోతే దాని కాయిలు కాలిపోతుంది. అందుకే 8 ఓముల హారనుకు వరుసలో 40 మైక్రోఫారడ్ల నాన్‌పోలార్ కెపాసిటరు వేయండి. అది 500 హెర్ట్జుల కింది ధ్వనులను తగ్గిస్తుంది. పంచే హద్దును 1,500, 2,000 హెర్ట్జుల మధ్య పెట్టవచ్చు. అయితే హారను తయారీదారు చెప్పిన కనిష్ఠ హద్దుకు కిందికి పోరాదు. మైకు దారిలో 100 హెర్ట్జుల కింది ధ్వనిని కోసివేయండి; గాలి మోత, గుమగుమ తగ్గుతాయి.

మొదట ఊఫరు నాబు పెంచి మాట వినండి. ఆ తరువాతే హారనును మెల్లగా కలపండి. హారను సాధారణంగా తక్కువ కరెంటుతోనే ఎక్కువ మోగుతుంది. అది ఊఫరుకన్నా 10 డెసిబెళ్ళు చురుకైనదైతే దానికి పదోవంతు వాట్లు చాలు. స, శ తెలియాలి, చెవిని కోయరాదు, అక్కడ ఆపండి.

తరువాత ఊఫరు తీగల ప్లస్సు, మైనస్సు చూడండి. 1.5 వోల్టుల బ్యాటరీ తాకిస్తే ఊఫరు కాగితం ముందుకు రావాలి. హారనుకు బ్యాటరీ ఎన్నడూ తాకించరాదు. దానిని చెవితోనే పరీక్షించాలి: హద్దు దగ్గరి ధ్వనిని మోగించి, హారను తీగలను ఒకసారి తారుమారు చేయండి. నిండుగా వినబడేదే సరైనది. 1,700 హెర్ట్జుల దగ్గర ధ్వని తరంగం పొడవు సుమారు 20 సెంటీమీటర్లు. ఒక స్పీకరు రెండోదానికన్నా 10 సెంటీమీటర్లు వెనుకబడితే చాలు, రెండు ధ్వనులూ ఒకదానినొకటి చెరుపుకొంటాయి. అప్పుడు పెట్టెను జరపాలి, లేదా డిజిటల్ క్రాసోవరులో ముందున్నదానికి ఆలస్యం పెట్టాలి.

వెలిగించేటప్పుడు ఆంప్లిఫయర్లు చివర. ఆర్పేటప్పుడు అవే మొదట. గుయ్‌మనే మోత ఆపడానికని ఎర్తు తీగను తీయకండి. అది ప్రాణాన్ని కాచే తీగ.

ఇప్పుడు చట్టం మాట. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడుస్పీకరుకు రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట మోగించరాదు. రాష్ట్ర ప్రభుత్వం పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా 12 గంటల వరకు సడలింపు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వు ఉన్నదో లేదో ముందే చూసుకోండి. నివాస ప్రాంతంలో పగటి ప్రమాణం 55 డెసిబెళ్ళు. బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర మీ మోత దానికి 10 మించరాదు, అంటే 65. ఆసుపత్రి, బడి, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. సుప్రీంకోర్టు కూడా 2005 జూలై 18 నాటి తీర్పులో రాత్రి నిషేధాన్ని గట్టిగా నిలబెట్టింది.

మన భాష వినబడే హక్కు కోసం నేను వాదిస్తాను. పొరుగువాని నిద్ర హక్కును కాలరాచిన మైకుసెట్టు కోసం మాత్రం వాదించలేను. బయట దూరం రెండింతలైతే ధ్వని 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. కాబట్టి ఒకే చోట ఘోరంగా మోగించేకన్నా, జనానికి దగ్గరగా రెండు చిన్న పెట్టెలు పెట్టడం మేలు.

పొంగలికి ముందురోజు ఒక పని చేయండి. పాట, బాట, తాత, దాత, సాకు, చాకు, కాలు, కాళ్ళు – ఇలా ఇరవై మాటలు రాసుకోండి. వరుస కలిపి, మైకులో ఒకరు చదవాలి. కడపట కూర్చున్న అవ్వ, మనుమడు విన్నది తిరిగి చెప్పాలి. ఇద్దరూ తప్పిన మాటలు ఎన్నో లెక్కపెట్టి, మళ్ళీ నాబుల దగ్గరకు పోండి. అన్ని మాటలూ అందినాడు మీ పెట్టెలు సిద్ధమైనట్లు.