కప్పు మీది పేరు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాత కార్ల పందేల కప్పుల గురించి మాట్లాడతామంటే కార్యవర్గ మిత్రులు కాస్త సందేహించారు. "మన సంస్కృతికీ వాటికీ ఏమిటండీ సంబంధం?" అన్నారు. మొదట్లో మేమూ అలాగే అనుకున్నాం. ఈ పిచ్చి మా అబ్బాయిది. పోనుపోను ఇంటిల్లిపాదికీ అంటుకుంది.

ముందుగా ఆ కప్పుల పుట్టుపూర్వోత్తరాలు నాలుగు మాటల్లో మనవి చేస్తాం. 1930లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డు కార్లు చవకగా కొని, బరువు తగ్గించడానికి అక్కరలేని రేకులన్నీ ఊడదీసి, ఇంజన్లకు సొంతంగా మెరుగులు దిద్ది, మ్యురాక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిన సరస్సుల్లో పరుగెత్తించేవారు. అవే హాట్ రాడ్లు. 1937లో కొన్ని క్లబ్బులు కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. యుద్ధం ముగిశాక వీధి పందేలు పెరిగాయి, ప్రమాదాలూ పెరిగాయి. వీధుల్లోంచి పందేన్ని తప్పించాలని 1950లో శాంటా ఆనా దగ్గరి విమానాశ్రయంలో టిక్కెట్టు పెట్టి పోటీలు మొదలుపెట్టారు. 1951లో వాలీ పార్క్స్ ప్రభృతులు నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించారు. 1955లో కాన్సాస్ రాష్ట్రం గ్రేట్ బెండ్‌లో తొలి జాతీయ పోటీలు జరిపితే, వాన అడ్డుపడి చివరి పందేలు అరిజోనాలో ముగించవలసి వచ్చింది. పావు మైలు, అంటే 1,320 అడుగుల పరుగు. గెలిచినవాడికి తరచు దక్కేది ఒక్క కప్పే.

సేకరించేవారికి కప్పులే కాదు, వేగం చెక్కి ఇచ్చిన చిన్న ఇత్తడి బిళ్లలు, కారు వెనుక వేలాడదీసిన అల్యూమినియం క్లబ్బు ఫలకాలు, 1948 జనవరిలో మొదలైన 'హాట్ రాడ్' పత్రిక తొలి సంచికలు, అన్నీ అపురూపమే. నకిలీలూ ఉంటాయి. అసలు ఫలకాన్ని అచ్చుగా వాడి కొత్తది పోస్తే, లోహం చల్లారేటప్పుడు ముడుచుకుని అసలుదానికన్నా కొంచెం చిన్నదవుతుంది. అందుకే మా అబ్బాయి జేబులో ఎప్పుడూ కొలబద్ద ఉండేది.

మేము కొన్న మొదటి కప్పుకు కర్ర పీఠం, పైన బుల్లి కారు, ముందు పేరు చెక్కిన పల్చటి రేకు ఉండేవి. ఇత్తడి బిందెలు చింతపండుతో తోమి పెరిగిన చేతులు కదా, ఊరుకుంటాయా? తళతళలాడేలా తోమేశాం. రేకు మీది పూత లేచిపోయింది, దానితోపాటు పేరూ పోయింది. వాడు ఆ పూట అన్నం తినలేదు. "అమ్మా, ఇప్పుడిది ఎవరిదో ఎవరికీ తెలీదు" అన్నాడు.

తర్వాత కొన్న కప్పు మీద పేరు స్పష్టంగా ఉంది. ఆ పేరు పట్టుకుని వాకబు చేయగా ఆయన కూతురు దొరికారు. తండ్రి పోయాక షెడ్డులోని సామానంతా లెక్కకట్టి అమ్మేశారట, ఆ కప్పు అందులో ఉందని ఆవిడకు తెలియదు. ఇచ్చేద్దామన్నాడు మావాడు. డబ్బు పుచ్చుకోకుండా ఇచ్చి వచ్చాం. ఆవిడ కన్నీళ్లు తుడుచుకుని, "మీ తాతగారివి మీ ఇంట్లో ఏమున్నాయి?" అని వాణ్ణి అడిగారు.

ఇంటికి వచ్చి వాడు అటకమీది పెట్టెలోంచి ఒక ఇత్తడి చెంబు తీశాడు. అంచున చుక్కలు చుక్కలుగా తెలుగు అక్షరాలు. వాడికి చదవడం రాదు. మేము చదివాం కాని, ఆ పేరు ఎవరిదో మాకూ తెలియదు! తెనాలిలో మేనత్తగారికి ఫోను చేశాం. అది మా నాయనమ్మగారి అక్కదట, పెళ్లినాడు పుట్టింటివారు ఇచ్చినదట. ఇరవయ్యేళ్లకే ఆవిడ పోతే చెల్లెలు దాచుకున్నదట. అరగంట చెప్పారు మేనత్తగారు. మరుసటి ఏడాది ఆవిడా పోయారు. ఆ ఫోను చేసి ఉండకపోతే మేము తోమిన రేకుకూ ఆ చెంబుకూ తేడా ఉండేది కాదు.

కనుక మా విన్నపం ఒక్కటే. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక మీ బిందెల అంచులు, చెంబుల అడుగులు పిల్లల చేత తడిమించండి. పేరు ఉంటే చదివి వినిపించండి. ఎవరిదో తెలియకపోతే, తెలిసినవారు ఉండగానే అడిగి ఒక కాగితం మీద రాసిపెట్టండి.

మా చెంబు ఇప్పుడు మావాడి కప్పుల బీరువాలోనే ఉంది. దాన్ని మాత్రం తోమడం మానేశాం.