సందు గీసిన పటంలో ఇల్లెక్కడ?

(బళేపేటలో తెలుగు యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ చోటి పేరుతోనే మొదలుపెడదాం. కన్నడంలో బళె అంటే గాజు. బళేపేట అంటే గాజుల వీధి. మనలో చాలామందికి హార్మోనియం, తబలా కొనే వీధిగానే తెలుసు. చర్చిలో వాయిద్యం పాడైతే పరుగెత్తుకొచ్చేది ఇక్కడికే కదా. దీని చుట్టుపక్కల అక్కిపేట బియ్యం వాళ్ళది, గాణిగరపేట గానుగ ఆడేవాళ్ళది, కుంబారపేట కుమ్మరులది, తరగుపేట ధాన్యం వర్తకులది. 1537లో కెంపేగౌడ ఈ పేటను కట్టించాడు. ఒక్కో వృత్తి పేరున ఒక్కో పేట ఏర్పడింది. కింద అంగడి, పైన ఇల్లు. లేకపోతే ముందు అంగడి, వెనక ఇల్లు. పని చేసే చోటికీ పడుకునే చోటికీ మధ్య నాలుగు మెట్లే దూరం.

ఈ పేటల పేర్లు ఎన్నిసార్లు చదివినా ఊడ్చేవాళ్ళ పేట అన్నది మనకు కనబడదు. ఊడ్చేవాళ్ళు లేకుండా మాత్రం ఏ పేటా ఒక్క వారం నిలవదు.

1898లో బెంగళూరుకు ప్లేగు వచ్చింది. ఇరుకైన ఈ సందుల్లో జనం రాలిపోయారు. గాలీ వెలుతురూ ఉన్న ఇళ్ళు కావాలని దక్షిణాన బసవనగుడి, ఉత్తరాన మల్లేశ్వరం కొత్తగా వెలిశాయి. తిన్నని వీధులు, విడివిడి ఇళ్ళు, కులాల వారీగా స్థలాల పంపకం. ఆ పటంలో ఇళ్ళ వెనకవైపు సన్నటి సందులు కూడా గీశారు. వాటిని కన్సర్వెన్సీ లేన్లంటారు. మరుగుదొడ్డి నుంచి మలం ఎత్తుకుపోయే మనిషి ముందు వీధిలో ఎవరి కంటా పడకుండా వెనక నుంచి వచ్చి వెనకనుంచే పోవడానికి అవి. ఆ సందులు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి, వెళ్ళి చూడొచ్చు. ఆ మనిషి పనికి రావడానికి దారి ఎక్కడో పటం గీసినవాళ్ళు శ్రద్ధగా ఆలోచించారు. పని అయ్యాక ఆ మనిషి ఏ ఇంటికి పోతాడన్నది మాత్రం అంత శ్రద్ధగా ఆలోచించినట్టు కనబడదు.

ఆ మనిషి ఎవరో మనకు తెలుసు. బెంగళూరులో పౌరకార్మికులంటారు, మన ఊళ్ళలో పారిశుద్ధ్య కార్మికులంటాం. వాళ్ళలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే దళితులు. రాయలసీమ నుంచి, పావగడ నుంచి, కోలారు వైపు నుంచి తరతరాలుగా వచ్చినవాళ్ళు. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో కొందరి నాయనమ్మలు, అమ్మమ్మలు ఆ పనే చేశారు. వాళ్ళ బతుకుల మీద ఐ.పి.డి. సాలప్ప కమిటీ 1976లో నివేదిక ఇచ్చింది. తర్వాత అక్కడక్కడా కాలనీలు కట్టారు. అవి అప్పుడూ చాలలేదు, ఇప్పుడూ చాలవు.

ఇంత పాత కథ ఎందుకంటారా? నగర ప్రణాళిక అంటే ఎవరో ఇంజనీరు ఆఫీసులో గీసుకునే గీతలు, మనకు సంబంధం లేదు అని మనవాళ్ళు అనుకుంటారు. ఆ గీతల్లోనే మన ఇల్లు ఉందో లేదో తేలిపోతుంది. గీసేవాళ్ళ పక్కన మనవాళ్ళు లేకపోతే సందు దక్కుతుంది, ఇల్లు దక్కదు.

ఈజిపుర సంగతి చూడండి. కోరమంగల పక్కన ఆర్థికంగా వెనుకబడినవాళ్ళ కోసం ప్రభుత్వం కట్టించిన క్వార్టర్లు అవి. నాసిగా ఉండి కూలిపోవడం మొదలైంది. కూలిన ఇళ్ళ చోటే జనం రేకుల షెడ్లు వేసుకుని ఉన్నారు. ఆ నేలలో సగం వాణిజ్య కట్టడానికి, సగం పేదల ఇళ్ళకు అని ఒక ప్రైవేటు కంపెనీతో ఒప్పందం కుదిరింది. 2013 జనవరిలో పోలీసుల్ని పెట్టి ఆ షెడ్లు పడగొట్టారు. వెయ్యికి పైగా కుటుంబాలు చలిలో రోడ్డున పడ్డాయి. కొందరికి సర్జాపుర రోడ్డు వైపు సూలికుంటెలో ఇళ్ళు చూపించారు. ఇల్లు ఇల్లే, కాదనం. కానీ తెల్లవారి ఆరున్నరకు చీపురు పట్టాల్సిన మనిషికీ, ఏడింటికి పాచిపనికి పోవాల్సిన తల్లికీ అంత దూరం నుంచి మొదటి బస్సు ఎన్నింటికి? పిల్లల బడి ఎక్కడ? ఈ ప్రశ్నలు ఇంటి ప్లానులో ఉండవు, ఊరి ప్లానులో ఉండాలి.

ఇది బెంగళూరుకే ప్రత్యేకం కాదు. హైదరాబాదు అంచున కొల్లూరులో 2023 జూన్‌లో ఒక్కచోటే 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళు ప్రారంభించారు. ఒక్కోటి 560 చదరపు అడుగులు. బస్తీలో పది అడుగుల గదిలో ఉన్నవాళ్ళకు అది పెద్ద ఇల్లే. అయినా పాతబస్తీలో తోపుడు బండి పెట్టుకునేవాడు కొల్లూరు నుంచి రోజూ ఎలా వస్తాడు? మన పేటలో నాలుగు మెట్లున్న దూరం ఔటర్ రింగు రోడ్డు దాకా సాగింది.

అలాగని పేటలో ఉండటమే మేలు అని చెప్పడం లేదు. ఇదే పాత పేటలో, నగర్తపేటలో, 2025 ఆగస్టులో కింద సరుకు, పైన కాపురం ఉన్న భవనానికి నిప్పంటుకుని ఐదుగురు చనిపోయారు. వాళ్ళలో చిన్నపిల్లలున్నారు. పని దగ్గర ఇల్లు కావాలి, ఆ ఇంట్లోంచి బయటపడే దారీ కావాలి. ఈ రెండూ ఒకే పటంలో కుదర్చడం ఒక విద్య. ఆ విద్య మన పిల్లలు నేర్చుకోవచ్చు. ఈ రోజు మేము ముఖ్యంగా చెప్పాలనుకున్నది అదే.

ఇంటర్‌లో లెక్కలు చదివినవాళ్ళు నాలుగేళ్ళ ప్లానింగ్ డిగ్రీ చేయొచ్చు. దీనికి జె.ఇ.ఇ. మెయిన్‌లో పేపర్ 2బి ఉంటుంది. ఆర్కిటెక్చర్‌కు రాసే 2ఎలో బొమ్మలు గీయాలి, 2బిలో గీయనక్కర్లేదు. ఈ చిన్న సంగతి తెలియక "మాకు డ్రాయింగ్ రాదన్నా" అని ఎంతమంది వదిలేశారో! విజయవాడలో 2008లో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ కేంద్ర ప్రభుత్వ సంస్థ. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఢిల్లీ, భోపాల్, అహ్మదాబాదు కాస్త దూరం, కానీ పోగలిగినవాళ్ళు పోవాలి. లెక్కలు లేవా? భూగోళం, అర్థశాస్త్రం, సమాజశాస్త్రంలో ఎం.ఎ. చేసినవాళ్ళను కూడా ప్లానింగ్ మాస్టర్స్‌లోకి చాలాచోట్ల తీసుకుంటారు. సివిల్ ఇంజనీర్లకు దారి ఉండనే ఉంది. ఈ బెంగళూరులోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హ్యూమన్ సెటిల్‌మెంట్స్ ఉంది, డిగ్రీ అయినవాళ్ళకు అర్బన్ ఫెలోస్ అనే కార్యక్రమం నడుపుతుంది. డిగ్రీ పూర్తయిన కొత్తల్లో మున్సిపాలిటీల్లో ఇంటర్న్‌షిప్ చేయడానికి కేంద్రం 2020లో ట్యూలిప్ అనే పథకం పెట్టింది.

ఇక్కడ మనవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. దళిత క్రైస్తవులకు ఎస్సీ రిజర్వేషన్ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దక్కడం లేదు. అది అన్యాయమని మన సంఘాలు ఎన్నో ఏళ్ళుగా అంటున్నాయి, అంటూనే ఉంటాయి. ఈలోగా సీటు పోగొట్టుకోకండి. ఆంధ్ర, తెలంగాణల్లో మీరు బి.సి.-సి కిందికి వస్తారు, కేంద్ర సంస్థలకు ఓబీసీ సర్టిఫికెట్ కావాలి. ఇక్కడ కర్ణాటకలో పుట్టి పెరిగినవాళ్ళ వర్గం వేరు, తాలూకా ఆఫీసులో ముందుగానే కనుక్కోండి. కౌన్సెలింగ్ ముందు రోజు సర్టిఫికెట్ కోసం పరుగెత్తే పిల్లల్ని ప్రతి ఏడూ చూస్తున్నాం.

పెద్ద చదువులే దారి అని కూడా అనుకోవద్దు. పది పాసైతే ఐ.టి.ఐ.లో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్ళ కోర్సు. సర్వేయర్ కోర్సూ ఉంది. స్వయం పోర్టల్‌లో నగరాల మీద పాఠాలు ఉచితంగా వినొచ్చు. క్యూజిస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌కు పైసా కట్టనక్కర్లేదు, మామూలు కంప్యూటర్ చాలు.

కరాచీలో ఒరంగి అనే పెద్ద బస్తీ ఉంది. 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అనే పెద్దాయన అక్కడ ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాడు. వీధుల్లో మురుగు పారుతోంది, ప్రభుత్వం రావడం లేదు. ఒక్కో సందులో ఇరవై ముప్పై ఇళ్ళవాళ్ళు కలిసి డబ్బులేసుకుని, ప్రాజెక్టు నుంచి సలహా, పనిముట్లు తీసుకుని, తమ సందు డ్రైనేజీ తామే వేసుకున్నారు. ఆ క్రమంలో బస్తీ కుర్రాళ్ళు కొలతలు తీయడం, పటాలు గీయడం నేర్చుకున్నారు. తర్వాత ప్రభుత్వ ఇంజనీర్లకే ఆ పటాలు ఆధారమయ్యాయి. ఆ పని నడిపిన పర్వీన్ రెహ్మాన్‌ను 2013లో కాల్చి చంపారు. ఎవరి భూమి ఎక్కడుందో ఆవిడ పటాల్లో కనబడటం కొందరికి గిట్టలేదు. పటానికి అంత బలముంది.

నెహెమ్యా కథ గుర్తుందా? యెరూషలేము చేరాక మూడు రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. రాత్రివేళ కొద్దిమందితో కూలిన గోడల చుట్టూ తిరిగి చూసుకున్నాడు. జనంతో మాట్లాడింది ఆ తర్వాతే. పనిలోకి దిగాక చాలామంది ఎవరి ఇంటి ఎదుటి గోడ వాళ్ళు బాగు చేశారు. మన ప్రసంగాల్లో కట్టడం గురించి ఎక్కువ చెప్తాం, ముందు జరిగిన ఆ సర్వే గురించి తక్కువ చెప్తాం.

చట్టంలో మన మాటకు చోటుంది. కర్ణాటక టౌన్ ప్లానింగ్ చట్టం 1961 నాటిది. మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటపెట్టాక ప్రజల అభ్యంతరాలు వినాలి. బెంగళూరుకు 2031 దాకా వేసిన ముసాయిదాను 2017 నవంబరులో పెట్టారు, వేల అభ్యంతరాలు వచ్చాయి, చివరికి దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ వేలల్లో మన బస్తీల నుంచి వెళ్ళినవి ఎన్ని? మళ్ళీ ముసాయిదా వచ్చినప్పుడు చదివి చెప్పగలిగినవాళ్ళు ప్రతి సంఘంలో ఇద్దరు ముగ్గురైనా ఉండాలి. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పెద్ద నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంటుంది. నగర పాలన పేర్లు మారుతూనే ఉన్నాయి. 2007లో బి.బి.ఎం.పి., 2025లో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు. పేరు ఏదైనా వార్డు మనదే. 1973 నాటి స్లమ్ చట్టం కింద మన బస్తీని ప్రకటించారా లేదా అన్నది సమాచార హక్కు దరఖాస్తుతో, పది రూపాయలతో తెలుసుకోవచ్చు. ప్రకటించిన బస్తీకీ ప్రకటించని బస్తీకీ నీళ్ళ దగ్గర నుంచి పట్టా దాకా చాలా తేడా ఉంటుంది.

అద్దె గురించి ఒక్క మాట. ఈ నగరంలో సొంత సైటు, 30×40, అదే అందరి కల. అది దొరికేదాకా అద్దెకే ఉంటాం, కొందరు జీవితమంతా అద్దెకే ఉంటారు. పది నెలల అద్దె అడ్వాన్సు ఇక్కడ మామూలైపోయింది. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇళ్ళకు రెండు నెలలకు మించి అడ్వాన్సు వద్దంటుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అమలవుతుంది. పది నెలల అడ్వాన్సు కోసం పుస్తెలు కుదువ పెట్టిన అక్కచెల్లెళ్ళు మన చర్చిల్లో లేరా? వాళ్ళ లెక్క ఎవరైనా రాశారా?

అందుకే మేము అడిగేది చిన్న పని. వచ్చే నెల రోజుల్లో మీ సందు ఒక్కటి కొలవండి. ఇంటికి ఎంతమంది, గది ఎన్ని అడుగులు, అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, నీళ్ళు ఎన్ని రోజులకొకసారి, మరుగుదొడ్డి ఎందరికి ఒకటి, పనికి పోవడానికి ఎంతసేపు, ఎంత ఛార్జీ, ఇంటి కాగితం ఏముంది, నిప్పంటుకుంటే ఏ దారిన బయటికి పోతారు. పేర్లు రాయొద్దు, ఇంటి నంబరు చాలు. ఇద్దరిద్దరుగా వెళ్ళండి, ఒకరు ఆడపిల్ల అయితే మంచిది, తల్లులు తలుపు తీస్తారు. మూటలు మోసే హమాలీలు రాత్రి ఎక్కడ పడుకుంటారో కూడా రాయండి, వాళ్ళకు ఇంటి నంబరు ఉండదు. చర్చి హాళ్ళు వారంలో ఐదారు రోజులు ఖాళీగానే ఉంటాయి, పాస్టరుగారిని అడిగి సాయంత్రాలు పటం గీయడానికి అక్కడే కూర్చోవచ్చు. 2బి రాసే పిల్లలు ఉంటే వాళ్ళూ అక్కడే చదువుకోవచ్చు. లెక్కలు చెప్పగలిగిన ఇంజనీర్లు మనలో కావలసినంతమంది ఉన్నారు, ఈ బాధ్యత వాళ్ళదే.

ఫారాలు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి, తెలుగులోనూ కన్నడంలోనూ. తీసుకునేటప్పుడు మీ సందు పేరు పక్కన పుస్తకంలో రాసి వెళ్ళండి, ఒకే సందుకు రెండు జట్లు పోకుండా ఉంటాయి.