కారణము చెప్పని తీర్పు



నేను బడిపంతులుగా నున్నప్పు డొక బాలుడు పరీక్ష తప్పెను. తండ్రి వచ్చి కారణ మడిగెను. కాగితము మరల తీసి చూచితిని; వెనుకపుటలోని జవాబునకు నేను మార్కులే వేయలేదు. అడుగుటకు మనిషి యుండుటచే తప్పు దిద్దబడినది.

నేడు అప్పు, ఉద్యోగము వంటి విషయములను మన వివరములనుబట్టి కంప్యూటరే తేల్చుట కలదు. దాని నెవ్వ రడుగవలెను? మనుష్యుని నడవడినిగూర్చిన న్యాయస్థానపు తీర్పునకు యంత్రగణన మాధారము కారాదని ఫ్రాన్సు 1978లోనే శాసించెను. 2018 మే 25 నుండి అమలులోనున్న యూరపు సమాఖ్య శాసనపు 22వ అధికరణము, కేవలము యంత్రమే చేసిన ముఖ్యనిర్ణయమునకు మనుష్యుడు లోబడనక్కరలేదనుచున్నది. ఒప్పందమువలనగాని స్పష్టమైన సమ్మతివలనగాని దాని ననుమతించినను, మనిషిచేత మరల చూపించుకొనుటకును, తన పక్షము చెప్పుకొనుటకును హక్కు కలదు. అప్పిచ్చువాడు ప్రధానముగా నమ్ముకొను అంకెను కట్టుటయే నిర్ణయమగునని 2023 డిసెంబరు 7న ఆ సమాఖ్య న్యాయస్థానము ఒక జర్మను వ్యాజ్యెమున తీర్పు చెప్పెను.

మన దేశమున 2023లో చేసిన శాసనము తప్పు వివరములను దిద్దించుకొను హక్కును చెప్పినది. యంత్రనిర్ణయము నెదిరించు హక్కును చెప్పలేదు.

హేతువు లేని ప్రతిజ్ఞ నిలువదని తర్కము చదివినవా రెఱుగుదురు. కావున “కంప్యూటరు కాదన్నది” అని యెవ్వరైన ననినచో ఊరకుండకుడు. కారణము వ్రాసి యిమ్మని యడుగుడు.