పాత విమానమునకు క్రొత్త సారథి

జగిత్యాలలో పుట్టి, అమెరికాలో స్థిరపడిన నా బాల్యమిత్రుడొకడు ఇటీవల నాకొక జాబు వ్రాసినాడు. అతడు మరి యిద్దరితో కలిసి నాలుగు సీట్ల చిన్న విమానము నొకదానిని కొన్నాడట. అది 1970 దశకములో తయారైన సెస్నా 172. ఇంజను బాగున్నది, రెక్కలు బాగున్నవి. కాని చాలకుని యెదుటి పలకమీద గడియారములవలె అమర్చిన పరికరములన్నియు నాటివే. వానిని తీసివేసి గాజుతెరలు పెట్టించి, ఆటోపైలట్టును గూడ బిగింపించవలెనని అతని కోరిక. "ఇంక రాత్రిపూట గూడ పిల్లలను తీసుకొని పోవచ్చును. నీవీ పనిలో తల నెరసినవాడవు. ఏమంటావురా?" అని అడిగినాడు. అతనికి నేను వ్రాసిన ప్రత్యుత్తరమునే కొంచెము విస్తరించి యీనాడు మీకు వినిపించుచున్నాను.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వారికి సొంత విమానముల ప్రసక్తి యెందుకని శ్రోతలు అనుకొనవచ్చును. మనకు దగ్గరలోని బసంతనగరము రన్‌వే మీద ఒకప్పుడు వాయుదూత్ వారి చిన్న విమానములు వచ్చిపోయినవి గాని, ఆ రాకపోకలు నిలిచి చాల యేండ్లయినది. గల్ఫునకు పోవు మనవారు శంషాబాదు వెళ్లి పెద్ద విమాన మెక్కవలసినదే. అయినను, పాత యంత్రమునకు క్రొత్త పరికరము తగిలించుట యనగా నేమో సిరిసిల్ల వారికి తెలిసినంతగా చాల మందికి తెలియదు. పాత సాంచాలను మార్చకుండ, వానికే క్రొత్త అమరికలు చేయించుకొనుటకు కేంద్ర ప్రభుత్వము సహాయధన పథకమును గూడ పెట్టినది. అందులో ఒకటి పడుగు పోగు తెగినప్పుడు సాంచాను ఆపు సాధనము. ప్రతి పోగుమీదను ఒక సన్నని రేకు వ్రేలాడుచుండును. పోగు తెగినంతనే రేకు క్రిందికి జారును, సాంచా ఆగును. అంతవరకు ఆ తెగిన పోగును కనిపెట్టవలసిన పని మనిషి కంటిది, చెవిది.

సాంచా ఆగినచో ఆసామికి కొంత పని చెడును, అంతే. ఆకాశములో నున్న విమానము ఆగుటకు వీలులేదు. చిక్కంతయు ఇక్కడనే యున్నది. ఆటోపైలట్టు తనకు తోచనప్పుడు "నేను మానుకొంటిని" అని చిన్న గంట మ్రోగించి ప్రక్కకు తప్పుకొనును. ఆ క్షణమునుండి విమానము ఎవరి చేతిలో నుండవలెను? ఏమరుపాటున నున్న మనిషి చేతిలో.

ఈ యంత్రము మూలసూత్రము మన పిల్లలాడు బొంగరమే. వేగముగా తిరుగుచున్న బొంగరము తన నిలువును వదలుట కిష్టపడదు. దానిని చట్రములో బిగించి విమానములో నుంచినచో, విమానము ఎటు వాలినను బొంగరము నిటారుగనే యుండును. ఈ రెంటికి నడుమ నున్న తేడాను కొలిచి, ఆ కొలతనుబట్టి రెక్కల చివరి పలకలను కదలించుటే ఆటోపైలట్టు చేయు పని. 1914 జూన్ నెలలో పారిస్ దగ్గర సేన్ నదిమీద లారెన్స్ స్పెర్రీ అను అమెరికా యువకుడు దీనిని ప్రదర్శించినాడు. అతడు రెండు చేతులును పైకెత్తి కూర్చున్నాడు. అతని మెకానిక్కు రెక్కమీదికి నడచి పోయినాడు. విమానము చలింపక సాగిపోయినది. 1933 లో వైలీ పోస్టు ఒంటరిగా భూమిని చుట్టివచ్చినప్పుడు అతనికి తోడుగా నున్నదియు స్పెర్రీ కంపెనీ యంత్రమే. ఎనిమిది దినములు నిండకమునుపే ఆ ప్రయాణము ముగిసినది.

కన్నులుండగా ఇంత తంత్ర మెందుకనినచో, మేఘములో కన్నులు పనిచేయవు. చెవిలోపలి సమతౌల్య యంత్రము అబద్ధము చెప్పును. విమానము మెల్లగా ఒక ప్రక్కకు ఒరిగిపోవుచున్నను, కూర్చున్నవానికి తిన్నగా పోవుచున్నట్లే తోచును. 1954 లో ఇల్లినాయి విశ్వవిద్యాలయము వారు, మేఘములలో ఎగురు విద్య నేర్వని 20 మందికి బయటి చూపు మూసివేసి పరీక్షించిరి. ఇరువదిమందియు అదుపు తప్పిరి. సగటున పట్టిన కాలము 178 సెకండ్లు. మూడు నిమిషములైన లేదు! ఒకడు 20 సెకండ్లకే ఓడిపోయినాడు. రాత్రిపూట ఊళ్లు లేని చోట, చంద్రుడు లేని ఆకాశమున, మేఘము లేకున్నను ఇదే గతి. నా మిత్రుని జాబులో "రాత్రిపూట పిల్లలతో" అన్న మాట చదివినప్పుడు నాకు మొదట తట్టినది ఈ సంఖ్యయే.

ఇక అతని పాత పలక సంగతి. ఆ కాలపు చిన్న విమానములలో బొంగరములను త్రిప్పునది చాలవరకు విద్యుత్తు కాదు, గాలి. ఇంజనుకు తగిలించిన యొక చిన్న పంపు గాలిని లాగుచుండును. ఆ లాగుడుకు బొంగరములు తిరుగును. పంపులోపల బొగ్గుజాతి పదార్థముతో చేసిన రేకులుండును. అవి ఒకనాడు ఏ సూచనయు లేకుండ ముక్కలగును. అప్పుడు బొంగరము వెంటనే పడిపోదు. క్రమక్రమముగా అలసి వాలును. దానినే నమ్ముకొన్న పాత ఆటోపైలట్టు, అది వాలినకొలది విమానమును గూడ వాల్చును. సారథి నిద్రపోయిన రథమున కన్న ఇది ఘోరము. ఇక్కడ సారథి మేలుకొనియుండి తప్పుదారి పట్టించుచున్నాడు.

క్రొత్త యంత్రములలో బొంగరము లేదు. గోటికన్న చిన్నదైన సిలికాన్ ముక్కమీద చెక్కిన సూక్ష్మ కంపనసాధనములు విమానపు వాలును, మలుపును కొలుచును. ఉపగ్రహములు దారి చెప్పును. 2017 లో ప్రకటింపబడిన గార్మిన్ వారి జి.ఎఫ్.సి. 500 అనునది ఈ సెస్నా 172 వంటి పాత చిన్న విమానములను ఉద్దేశించినదే. అందులో ఒక మీట నొక్కినచో, దారి తప్పి దిక్కుతోచని చాలకునికి రెక్కలను సమముగా నిలిపి యిచ్చును. ఆ ఇల్లినాయి విద్యార్థుల కట్టి మీట యున్నచో ఎంత మేలు! ఈ విషయమున నేను సనాతనుడను కాను. కొనుమనియే మిత్రునికి వ్రాసినాను.

అయితే దానివెంట మరొక మాట గూడ వ్రాసినాను. 2010 లో అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి వారు ఒక పరిశీలన వెలువరించిరి. 2002 నుండి 2006 వరకు తయారైన 8,000 కు పైబడిన చిన్న విమానములను, గాజుతెరలున్నవి, పాత గుండ్రని పరికరములున్నవి, అని రెండుగా విభజించి చూచిరి. తెరలున్నవానిలో మొత్తము ప్రమాదముల నిష్పత్తి తక్కువ. ప్రాణము పోయిన ప్రమాదముల నిష్పత్తి మాత్రము ఎక్కువ! తెరలున్నవారు దూరప్రయాణములు, మేఘములలో ప్రయాణములు అధికముగా చేయుట యొక కారణము. క్రొత్త పరికరమును పూర్తిగా నేర్వకపోవుట మరొకటి. నా అనుభవములో ఈ రెండును ఒకటే. పరికరము కొన్నవాడు మునుపు వెనుదిరిగెడి మబ్బులోనికి ధైర్యముగా పోవును.

పరికరము మారినప్పుడు కంటి అలవాటు మారకపోవుట ఎంత పని చేయునో 1959 ఫిబ్రవరి 3 వ తేదీ రాత్రి అయోవాలో కూలిన విమానము చెప్పును. బడ్డీ హాలీ అను ప్రసిద్ధ గాయకుడు అందులో మరణించినాడు. విమానము ముక్కు పైకున్నదో క్రిందికున్నదో చూపు పరికరము, ఆ యువచాలకుడు అలవాటుపడిన దానికి తలక్రిందుగా చూపునదని విచారణలో తేలినది.

మన తెలుగువారికిని ఈ కథలు దూరపువి కావు. 2004 ఏప్రిల్ 17 న నటి సౌందర్య బెంగుళూరు జక్కూరునుండి బయలుదేరినది మన కరీంనగరమునకే, ఎన్నికల ప్రచారమునకు. ఆ చిన్న సెస్నా లేచిన కొలదిసేపటికే కూలినది. అంత తక్కువ యెత్తున ఏ ఆటోపైలట్టును ఆదుకొనదు. ఈ సంగతి గూడ కొనువారు తెలిసికొనవలెను. 2009 సెప్టెంబరు 2 న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారు ఎక్కిన హెలికాప్టరులో రెండు ఇంజనులు, ఇద్దరు చాలకులు ఉండిరి. గేరుపెట్టె నూనెను గూర్చిన హెచ్చరిక యొకటి రాగా, దాని సంగతి తేల్చుటలో వారు చాల నిమిషములు మునిగిపోయిరనియు, ఎదుటి చెడు వాతావరణమును తప్పించుకొని మరలలేదనియు విచారణ సంఘము చెప్పినది. నల్లమల మీది ఆ మేఘములను చూచుటకు మిగిలిన కన్ను లేకపోయినది.

బిగించు పనిని గూర్చి రెండు మాటలు. దీనికి ప్రభుత్వ ధ్రువపత్రము లేనిదే అమెరికాలోనైనను, ఇండియాలోనైనను మర తిప్పుటకు వీలులేదు. పాత వైర్లు, పంపు, గొట్టములు తీసినకొలది బరువు తగ్గును. బరువు తగ్గినచోటు ముందు గనుక తూకము మరల వేయవలెను. ఇవన్నియు కాగితములో వ్రాసినవే. వ్రాయనిదొకటి చెప్పెదను. నేను పనిచేసిన యంత్రశాలలో ఒకనాడు ఇట్టి బిగింపు ముగిసినది. నేలమీద పరీక్షించుచుండగా తెరమీద దిక్కును కుడికి త్రిప్పినాను. నా చూపు తెరమీదనే యున్నది. కోరుట్లనుండి పని నేర్చుకొనుటకు వచ్చిన కుఱ్ఱవాడు లోపలికి తొంగిచూచి, "సార్, బొమ్మ కుడికి పోతున్నది, చక్రం ఎడమకు తిరుగుతున్నది" అన్నాడు. రెండు తీగెలు తారుమారైనవి. అవి మార్చినది నా చేయియే. ముప్పదియేండ్ల అనుభవము తెరను చూచుచుండగా, ఆరు నెలల కుఱ్ఱవాడు చక్రమును చూచినాడు.

కావున నా మిత్రునికి వ్రాసిన క్రమ మిది. డబ్బులో కొంత యంత్రమునకు గాక గురువునకు కేటాయింపుము. యంత్రమును విడిపించు ఎఱ్ఱ మీటను కన్నులు మూసికొని పట్టగలిగినదాక పిల్లలను ఎక్కింపకుము. అది పట్టుకొనియుండగా నీవు చక్రమును బలముగా లాగకుము. నీవొక వైపు, అది మరియొక వైపు లాగినచో, తోకమీది సవరణ పలకను అది చివరిదాక త్రిప్పివేయును, విడిపించిన క్షణమున విమానము ఎగిరిపడును. ఆల్టర్నేటరు చెడిన రాత్రి బ్యాటరీ ఎంతసేపు మోయునో లెక్కవేసి కాగితముమీద వ్రాసి అంటించుము. నెలకొకసారి దానిని ఆపివేసి, గురువును ప్రక్కన నుంచుకొని, తెరపై అట్ట పెట్టి, చేతితో నడుపుము. వానమబ్బు కనబడినచో, అది లేనినాడు ఎక్కడ మరలియుందువో అక్కడనే మరలుము.

మొన్న అతని జాబు మరల వచ్చినది. విమానము ఇంకను యంత్రశాలలోనే యున్నదట. పని మొదలుపెట్టి పాత గాలిపంపును విప్పగా, లోపలి రేకులలో ఒకటి అప్పటికే అడ్డముగా బీటవారి యున్నదని వ్రాసినాడు. దానితోనే క్రిందటి నెలలో భార్యాబిడ్డలను ఎక్కించుకొని రెండుసార్లు ఎగిరివచ్చినాడట.